కంప్యూటర్‌కు కప్పిన దర్రీ

"చిన్నబాపూ, కంప్యూటర్ మీద ఏం కప్పిన్రు?"

మా అన్న బిడ్డ స్రవంతి ఫోనులో ఈ మాట అడిగేసరికి నా చేతిలోని గ్లాసులో నీళ్ళు సగం చొక్కా మీద పడ్డాయి. నేను వరంగల్ కొత్తవాడలో, మా వదినె మగ్గాల షెడ్డులో కూర్చుని ఉన్నాను. స్రవంతి హనుమకొండలో, అత్తగారింట్లో ఉంది. మా ఇద్దరి మధ్య సగం ఊరుంది. షెడ్డులో కెమెరా లేదు. కంప్యూటర్ మీద నేను ఒక దర్రీ, అంటే నేల మీద పరిచే జంపఖానా, కప్పిన మాట నిజమే. దాని మీద ఇంకొకటి కప్పిన మాట కూడా నిజమే. కానీ కప్పిన సంగతి నాకూ, గోడ మీది బల్లికీ, అప్పుడే మంచినీళ్ళు తాగి వెళ్ళిన ఒక పెద్దమనిషికీ తప్ప ఎవరికీ తెలిసే వీల్లేదు.

"నీకెట్ల తెలిసింది?" అన్నాను.

"అదే చెప్పింది."

"ఎవరు?"

"కంప్యూటరే."

ఆ తర్వాత జరిగిన ఘోరం చెబుతాను. ఒక రహస్యాన్ని కాపాడబోయి, దాన్ని నా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, వెలుతురు సరిపోదేమోనని తలుపు కూడా తెరిచి, చూపించకూడని మనిషికి చూపించిన వాణ్ణి వరంగల్ మొత్తంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఇది పోయిన ఎండాకాలం సంగతి. ఏడాది గడిచింది కాబట్టి అప్పటి నన్ను కుర్రతనం కింద తీసేసి నవ్వుకునే హక్కు నాకు వచ్చిందనే అనుకుంటున్నాను. ఆ కుర్రాడికి అప్పటికే జుట్టు పూర్తిగా నెరిసింది. ఆ ఒక్క చిక్కు మీరు పట్టించుకోకండి.

నేను పత్రికలో పనిచేసే మనిషిని. చాలాకాలం డెస్కులో కూర్చుని ఇతరుల తప్పులు దిద్దాను. ఆ సేవకు మెచ్చి, వారానికొకసారి నా తప్పులు నేనే రాసుకునేందుకు ఒక కాలమ్ ఇచ్చారు. ఆ కాలమ్ కోసమే ప్రాసెసర్ల సంగతి చదివాను. చదివిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ ప్రశాంతత లేదు.

విషయం ఇది. ఆఫీసుల కోసం తయారుచేసే కంప్యూటర్లు చాలావాటిలో, అసలు ప్రాసెసర్‌ను ఆనుకుని లోపల ఇంకొక బుల్లి కంప్యూటర్ ఉంటుంది. మీరు పెద్దదాన్ని ఆపేసి, తెర నల్లబడింది కదా అని లేచి వెళ్ళిపోతారు. గోడ బోర్డులో కరెంటు ఉన్నంతసేపూ ఈ బుల్లిది మేలుకునే ఉంటుంది. ఇంటివాళ్ళు నిద్రపోయినా పడుకోని కాపలావాడనుకోండి. వాడికి వేరే తాళంచెవి, వేరే దీపం, వేరే ఫోను. దూరంగా ఎక్కడో కూర్చున్న ఆఫీసు నిపుణుడు ఈ కాపలావాడిని పిలిచి, ఆగిపోయిన మిషన్‌ను లేపవచ్చు, తెర మీద ఏముందో చూడవచ్చు, చెడిపోతే బాగు చేయవచ్చు. వందల కంప్యూటర్లున్న ఆఫీసుల్లో మనిషి మెట్లెక్కి దిగే పని తప్పించడానికి పుట్టిన ఏర్పాటు. ఉద్దేశం మంచిదే. గొడవెక్కడంటే, ఆ కాపలావాడి బుర్రలో ఏముందో తయారుచేసిన కంపెనీ తప్ప బయటివాళ్ళెవరూ పూర్తిగా చూడలేదు. వాడు మన మాట ఒక్కటే వింటాడా, ఇంకెవరైనా పిలిచినా తలుపు తీస్తాడా అనేది లోకంలో చాలామందికి ఉన్న అనుమానం.

ఇంతవరకు నేను చదివింది సబబే. దాని మీద నేను రాసిన వ్యాసం మాత్రం, పులి కనబడిందని ఊరంతా డప్పు కొట్టినట్టు ఉంది. దాంతో నాకు పేరొచ్చింది. మా గల్లీ చాయ్ హోటల్లో నాకు కుర్చీ తుడిచి వేసేవాళ్ళు. పక్కింటాయన తన మిక్సీ తెచ్చి, "సారూ, ఇండ్ల గూడ ఉంటదా?" అని అడిగాడు. నేను దాన్ని తిప్పి చూసి, "చెప్పలేం" అన్నాను. ఆ రోజు నుంచి వాళ్ళింట్లో చట్నీ రోట్లోనే నూరారు.

ఇక మా వదినె సంగతి. పేరు భాగ్యమ్మ. నెక్కొండ దగ్గరి పల్లెలో పుట్టి, నాట్లు వేసిన చేతులతో మా ఇంటికి వచ్చి మగ్గం నేర్చుకుంది. మేము పుట్టుకతో నేతవాళ్ళం. అయినా నేను మగ్గం వదిలేసి కలం పట్టుకున్నాను, ఆమె కొడవలి వదిలేసి మగ్గం పట్టుకుంది. ఇద్దరిలో ఎవరు బాగుపడ్డారో మా వాడలో ఎవరిని అడిగినా నవ్వి చెబుతారు. ఆడవాళ్ళను పోగేసి దర్రీల సంఘం పెట్టింది. యాభై దాటాక, కంప్యూటర్ల పని తెలిసిన కూతురు స్రవంతి పక్కన కూర్చోబెట్టి చూపిస్తే కంప్యూటర్‌లో డిజైన్లు వేయడం నేర్చుకుంది. ఎలుకను పట్టుకున్నట్టు మౌస్ పట్టుకునేది మొదట్లో. ఇప్పుడు ఆమె గీత గీస్తుంటే చూడాలి. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు ఉంటుంది చూశారూ, ఆ చూపు, ఆ నిదానం. ఒక్క గడి తప్పు పోదు.

ఆ కంప్యూటర్ హైదరాబాద్‌లో ఏదో పెద్ద ఆఫీసు వాడి తీసేస్తే సంఘానికి వచ్చింది. అంటే నేను వ్యాసంలో డప్పు కొట్టిన జాతిదే. వ్యాసం అచ్చయిన ఆదివారమే పేపరు పట్టుకుని షెడ్డుకు పరిగెత్తాను.

"వదినె, దీని లోపల ఇంకోటి ఉన్నది!"

"ఉండనీ. దీనికి జోడు ఉన్నట్టయితది."

"నవ్వులాట కాదు. నీ డిజైన్లు ఎవడన్న కూసున్నకాన్నుంచే సూడొచ్చు."

"మరిదీ, నా డిజైన్లు సూడనీకె ఎవడూ కూసున్నకాడ లేడు. అందరు గోడ దూకుతాన్రు," అంది వదినె, పోగు ముడివేస్తూ.

ఆ మాటలో నిజం ఉంది. అంతకుముందు ఏడాది ఆమె వేసిన అంచు ఒకటి అవతలి గల్లీ నుంచి ఈమె కంటే ముందే మార్కెట్‌కు వచ్చింది. అందుకే మా వాడలో ఒక ఆచారం ఉంది. మగ్గం మీద కొత్త డిజైన్ ఉన్నప్పుడు వేరే షెడ్డు మనిషి గడపలో కాలు పెడితే, నేస్తున్నవాళ్ళు కూర్చున్నచోటు నుంచే ఒక పాత దుప్పటి తీసి దాని మీద పరుస్తారు. వచ్చినవాళ్ళు ఏమీ అనుకోరు. అనుకోకపోగా సంతోషిస్తారు. మనల్ని చూసి దుప్పటి కప్పారంటే, చూస్తే పట్టేయగల తెలివి మనకుందని ఒప్పుకున్నట్టు. ఒక ముసలాయన ఏదో షెడ్డుకు వెళితే ఎవరూ ఏమీ కప్పలేదట. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదని చెప్పుకుంటారు. నాకైతే ఏ షెడ్డులోనూ ఎవరూ ఎప్పుడూ కప్పలేదు. దాని గురించి నేను మాట్లాడదలచుకోలేదు.

ఆ ఎండాకాలం వదినె కొత్త డిజైన్ ఒకటి తయారు చేసింది. అంతకుముందు చలికాలం పాలంపేట పోయే బస్సులోంచి, అప్పుడే నాటేసిన మడులు చూసిందట. చెరువు కింద నేల వంగినచోట నారు వరసలు కూడా మెల్లగా వంగి పోతాయి కదా, ఆ వంపును దర్రీలోకి తెచ్చింది. దానికి సంఘంలో 'నాటు' అని పేరు పెట్టుకున్నారు. దిల్లీలో పెద్ద దుకాణం నడిపే ఒక మేడమ్, నేను దర్రీ కప్పిన రోజే పగలు, వీడియోలో చూస్తానంది. కంప్యూటర్‌లో వదినె వేసిపెట్టిన రంగుల జోడీలు చూసి, నచ్చితే వానాకాలమంతా మగ్గాలకు పని ఇస్తుంది. నచ్చకపోతే ఆ నాలుగు నెలలు మగ్గాలకు బూజు పడుతుంది. సంఘం ఆడవాళ్ళందరి ఆశ ఆ ఒక్క ఫోను మీద ఉంది. నేను ఆ డిజైన్ చూడలేదు. అడిగితే, "నువ్వు పేపరోనివి" అంది వదినె. దాన్ని నేను గౌరవంగానే తీసుకున్నాను.

ఆ పొద్దున నేను వెళ్ళేసరికి షెడ్డులో ఎవరూ లేరు. వాడలో పెళ్ళి ఉండి మగ్గాలు ఆగాయి. వదినె ఒక్కతే చెప్పులు వేసుకుంటూ ఎదురైంది.

"మంచిగ వచ్చినవ్ మరిదీ. రంగులోళ్ళ దగ్గరికి వోయొస్త. ఆకుపచ్చ ఒకటి తేలిపోయింది, మేడమ్‌కు నూలు సూపియ్యాలె. జర కూసో. ఏదీ ముట్టకు."

"కంప్యూటర్ ఆఫ్ చేసే ఉన్నదా?"

"ఉన్నది. ముట్టకు."

"బోర్డు మీద స్విచ్ గూడ తీసేస్తే..."

"మరిదీ, ముట్టకు అంటే అండ్ల బోర్డు గూడ వచ్చింది."

ఆమె వెళ్ళిపోయింది. నేను కూర్చున్నాను. పైన రేకులు, బయట మే నెల. రేకుల షెడ్డులో మే నెల అంటే, ఇడ్లీ పాత్రలో ఇడ్లీకి ఎలా ఉంటుందో మనిషికీ అలాగే ఉంటుంది. నాకు కునుకు పట్టే వేళకు కంప్యూటర్ 'గుయ్' అంది.

ఎవరూ ముట్టలేదు. నేను చేతులు చూసుకున్నాను. రెండూ నా ఒళ్ళోనే ఉన్నాయి. పెట్టె మీద దీపం వెలిగింది. ఫ్యాన్ తిరిగింది. తెర మీద నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు వరుసగా దిగాయి. ఆ తర్వాత తెర అంచు చుట్టూ ఎర్రగా, పసుపుపచ్చగా ఒక సన్నటి గీత మిణుకు మిణుకుమంది. ఆ గీత ఏమిటో నాకు తెలుసు. నేనే రాశాను కదా! దూరం నుంచి ఎవరైనా తెరను చూస్తున్నప్పుడు అలా మిణుకుతుందని, మూడో పేరాలో, లావు అక్షరాల్లో.

నిజం చెప్పాలంటే మొదట కలిగింది భయం కాదు, గర్వం. నేను రాసింది నా కళ్ళ ముందే నిజమైంది. ఏ పత్రికవాడికి ఇంత భాగ్యం దక్కుతుంది? తర్వాత భయం వచ్చింది. లోపల 'నాటు' ఉంది. ఎవడో చూస్తున్నాడు.

వైరు పీకేయడం తేలిక. కానీ వదినె ముట్టకు అంది, అందులో బోర్డు కూడా వచ్చింది. ఆ క్షణంలో నాలో మా తాతముత్తాతలు లేచారు. పరాయివాడు చూస్తుంటే నేతవాడు ఏం చేస్తాడు? కప్పుతాడు. ముట్టకు అంది గానీ కప్పకు అనలేదు కదా!

చుట్టూ చూశాను. బెంచీ మీద పాత దుప్పటిలో చుట్టిపెట్టిన దర్రీ ఒకటి ఉంది. ముందు దుప్పటి విప్పి తెర మీద వేశాను. అది పలచన. తెర వెలుగు దాంట్లోంచి కనబడుతోంది. వెలుగు బయటికి వచ్చే దారిలో చూపు లోపలికి పోదా అని నాకు శాస్త్రీయమైన అనుమానం వచ్చింది. దుప్పటి తీసి కింద పడేసి, దర్రీ అందుకున్నాను. మందంగా, బరువుగా ఉంది. తెరనూ పెట్టెనూ కలిపి, బాలింతకు చెవులు మూసినట్టు, ఎక్కడా సందు లేకుండా చుట్టేశాను. దర్రీ కూడా బాగుంది. ఆకుపచ్చ మీద సన్నటి వరసలు. వదినె షెడ్డులో ఏది చేతికొచ్చినా బాగానే ఉంటుంది అనుకున్నాను.

అప్పుడే గుమ్మంలో అలికిడైంది. "భాగ్యమ్మ లేదా తమ్మీ?"

చూస్తే ఓదెలు. అవతలి గల్లీ సంఘానికి పెద్ద. నేతలో ఆయన కన్ను చాలా పదునైనదని ఊరంతా ఒప్పుకుంటుంది. ఆయన గడపలో కాలు పెడితే వాడలో దుప్పట్లు వాటంతటవే లేస్తాయి. నేను ముసిముసిగా నవ్వుకున్నాను. రా ఓదెలన్నా రా, అంతా కప్పే పెట్టాను.

"లేదన్నా. కూసో, నీళ్ళు తాగు."

ఆయన నీళ్ళు తాగాడు. సగం గ్లాసులో ఆగిపోయాడు. కళ్ళు దర్రీ మీద ఉన్నాయి.

"ఇదేంది తమ్మీ?"

"దుమ్ము పడకుంట కప్పిన అన్నా. పాతది."

"పాతదా?"

"గా బెంచీ మీద పడి ఉంటే తీసిన."

"పడి ఉన్నదా?" ఆయన గ్లాసు కింద పెట్టాడు. దగ్గరికి వచ్చి వంగాడు. గోటితో ఒక వరస మీద గీసి చూశాడు. "వంగినకాడ పోగు ఎక్కడ మళ్ళిందో కండ్లకు కానస్తలేదు. అబ్బ! జర ఆ కొస లేపుతవా, అవతలి దిక్కు సూస్త."

"సూడు సూడు, దర్రీకేం దాపరికం," అని నేను కొస పట్టుకుని, ఎగ్జిబిషన్‌లో సేల్స్‌మన్ లాగా ఎత్తి చూపించాను. చీకటిగా ఉందని తలుపు రెండో రెక్క కూడా తెరిచాను.

"రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉన్నది," అన్నాడు ఓదెలు, గుళ్ళో మాట్లాడినట్టు మెల్లగా. "ఎవలేశిన్రో గని, చెయ్యి చెయ్యి కాదు." చాలాసేపు నిలబడ్డాడు. లోపల ఫ్యాన్ గట్టిగా అరవడం మొదలుపెట్టింది. "లోపటేందో మొత్తుకుంటాంది తమ్మీ."

"మొత్తుకోనీ అన్నా. దాని పని గట్లనే ఉంటది."

ఆయన నా భుజం తట్టాడు. "మంచి మనిషివి తమ్మీ. పత్రికోళ్ళల్ల నీ అసోంటోళ్ళు తక్కువ," అని వెళ్ళిపోయాడు. ఆ మాటకు నేను ఉబ్బిపోయిన వైనం రాస్తే మీరు ఈ పేజీ చింపేస్తారు.

ఫ్యాన్ అరుపు కుక్కర్ కూతకు ముందు బుసలా మారింది. చూడ్డానికి ఏమీ దొరక్క గూఢచారి లోపల గింజుకుంటున్నాడని నాకు అర్థమైంది. జాలి పడలేదు. అలమరలోంచి ఇంకో దర్రీ తెచ్చి పైన కప్పాను. విజయోత్సాహంతో మంచినీళ్ళు పోసుకున్నాను. అప్పుడు మోగింది ఫోను. ఆ పిలుపు సంగతి మొదట్లోనే చెప్పాను.

"చిన్నబాపూ, పెట్టె మస్తు వేడైతాంది. హెచ్చరిక మీద హెచ్చరిక వస్తాంది. ఉన్నదంత తీసేయున్రి."

నేను గొంతు తగ్గించాను. "బిడ్డా, ఫోన్ల మాట్లాడకు. ఎవడో సూస్తాండు."

"ఎవడు?"

"తెలిస్తే చెప్పనా? అంచు మిణుకుతాంది."

"సూస్తాంది నేనే! పొద్దుగాల్ల నుంచి కంప్యూటర్ లేస్తలేదని అమ్మ ఫోన్ చేసింది. నేను పెట్టుకున్న ఏర్పాటుతోని ఈడి నుంచే బాగు చేస్తాన్న. సగంల ఉన్న. తీయున్రి!"

చూశారా, ఇక్కడ ఏ మామూలు మనిషైనా దర్రీలు తీసేస్తాడు. కానీ నేను వ్యాసం రాసినవాణ్ణి.

"నువ్వు స్రవంతివే అని నమ్మకమేంది? ఈ నడుమ గొంతులు గూడ తయారు చేస్తాన్రు. చిన్నప్పుడు నా కండ్లద్దాలు ఏం చేసినవో చెప్పు."

"రోట్లేసి దంచిన! ఇప్పుడు మిమ్మల్ని గూడ..."

'టుప్' మని చిన్న చప్పుడు. బుస ఆగిపోయింది. షెడ్డు అంతా నిశ్శబ్దం. దర్రీల సందులోంచి వేడి ఆవిరి నా ముఖాన కొట్టింది, ఫోనులోంచి స్రవంతి నిట్టూర్పు చెవిలో కొట్టింది. "ఆగిపోయింది చిన్నబాపూ. ఇంక గంట సేపట్ల మేడమ్ వస్తది."

సరిగ్గా అప్పుడే వదినె ఆకుపచ్చ నూలు చిలపల కట్ట భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆమె కంప్యూటర్ వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. నేల మీద పడి ఉన్న పాత దుప్పటి వైపు చూసింది.

"ఇది కిందెందుకున్నది?"

"పల్చగున్నది వదినె."

ఆమె నడిచి వచ్చి పై దర్రీ లాగింది. అడుగుది కనబడింది.

"మరిదీ, ఇది ఏందో ఎరుకేనా?"

"దర్రీ."

"ఏ దర్రీ?"

నేను చూశాను. ఆకుపచ్చ. సన్నటి వరసలు. చెరువు కింద నేల వంగినచోట మెల్లగా వంగి పోతున్నాయి. రేకుల మీద ఎండంతా ఒక్కసారి నా నెత్తిలోకి దిగింది. కంప్యూటర్ లోపలున్నది బొమ్మే. ఇది దాని ప్రాణం. ఉన్న ఒకే ఒక నమూనా. పరాయి కంట పడకుండా ఆమె దుప్పటిలో చుట్టిపెడితే, ఆ దుప్పటిని నేనే విప్పి, నేల మీద పడేసి...

"ఎవలన్న వచ్చిన్రా?"

"ఓదెలన్న వచ్చిండు. నీళ్ళు తాగిండు."

"నీళ్ళే తాగిండా?"

తలుపు రెండో రెక్క ఇంకా బార్లా తెరిచే ఉంది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది. తిడుతుందని తలవంచుకుని నిలబడ్డాను. తిట్టలేదు. ఆ మనిషి గొప్పతనం అక్కడే ఉంది. తిట్టే తీరిక ఆమెకు లేదు.

"బిడ్డా, ఇప్పుడేం చేద్దాం?" అంది ఫోను అందుకుని.

"సల్లార్చుండ్రి అమ్మా. పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టు. వైరు ఉండనీ. వేడి దిగినంక నేనే లేపుత."

"ఆగిపోయినదాన్ని ఎట్ల లేపుతవ్?" అన్నాను, దోషి బోనులోంచి.

"మీరు రాసిన ఆ రెండోది మేలుకోనే ఉంటది చిన్నబాపూ. మీ వ్యాసం మీరు సదువలేదా?"

వదినె మూత తీసి ఫ్యాన్ పెట్టింది. నాకు ఒక విసనకర్ర ఇచ్చింది. పురిటి బిడ్డకు విసిరినట్టు విసిరాను. కొంతసేపటికి, ఎవరి చెయ్యీ తగలకుండా, పెట్టె మీద దీపం వెలిగింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు దిగాయి. అంచున ఎరుపు, పసుపు గీత మిణుకు మిణుకుమంది. నన్ను అడిగితే ఆ గీతంత అందమైన అంచు కొత్తవాడలో ఎవరూ నేయలేదు. సగం ఊరికి అవతల కూర్చుని, మనవరాలికి అన్నం పెడుతున్న అత్తగారితో మధ్యమధ్య మాట్లాడుతూ, ఆ పిల్ల ఎక్కడ తెగిందో అక్కడ ముడివేసుకుంటూ వచ్చింది. తెగిన పోగు ముడివేయడంలో వాళ్ళమ్మ వేళ్ళు ఎలా కదులుతాయో నాకు తెలుసు. ఆ విద్య ఈమెకు ఏ దారిలో వచ్చిందో ఆ రోజు కనబడింది. పొద్దుటి నుంచీ లేవని కంప్యూటర్ లేచి కూర్చుంది.

దిల్లీ మేడమ్ వచ్చే వేళకు ఇంకా రంగుల జోడీలు తెరుచుకుంటున్నాయి. వదినె కంగారుపడలేదు. నమూనా తీసి నా రెండు చేతులకు ఇచ్చింది.

"ఎత్తి పట్టుకో మరిదీ. ఓదెలుకు ఎట్ల పట్టినవో గట్లనే."

పట్టుకున్నాను. ఆమె మన ఉర్దూలో మొదలుపెట్టింది. "దేఖో మేడమ్, యే పూరా హాథ్ కా కామ్ హై. కంప్యూటర్ మే బాద్ మే దేఖ్‌నా, పహిలే ఇస్కో దేఖో." ఇదంతా చేతిపని, కంప్యూటర్‌లోది తర్వాత, ముందు దీన్ని చూడమని. మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. తర్వాత, కొస లేపి అవతలి వైపు చూపించమంది. నాకు ఆ పనిలో అనుభవం ఉంది కాబట్టి చక్కగా చూపించాను. రంగులు కూడా చూసింది. ఆ వానాకాలం సంఘంలో ఒక్క మగ్గం ఆగలేదు.

ఫోను పెట్టేశాక వదినె గ్లాసులో నీళ్ళు పోసుకుని కూర్చుంది. అప్పుడు నవ్వింది. ఎంత నవ్విందంటే పెళ్ళి ఇంటి నుంచి ఆడవాళ్ళు ఏమైందోనని వచ్చారు.

"కంప్యూటర్ ఆఫ్ ఉన్నది గని బిడ్డ లేపుతదని నాకెందుకు చెప్పలే వదినె?" అన్నాను, తప్పులో ఆమెకు కొంత వాటా ఇద్దామని.

"చెప్తే మళ్ళ నీ పేపర్ కథ మొదలువెడ్తవు. నాకు రంగులోళ్ళ దగ్గరికి పోయేది లేదా?"

నేను కింద పడి ఉన్న దుప్పటి తీసి మడతపెట్టాను.

మర్నాడు ఆమె నేరుగా ఓదెలు షెడ్డుకు వెళ్ళింది. నేను గల్లీ మొదట్లో నిలబడ్డాను. పోట్లాట వినబడుతుందని చెవులు రిక్కించాను. ఏమీ వినబడలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఏమన్నడు?"

"ఏమనలే. నన్ను సూడంగనే లేచి మగ్గం మీద దుప్పటి కప్పిండు."

"అంటే నీదే నేస్తున్నడా?"

"నాదే నేస్తాండో, నాకు భయపడి తనదే దాస్తాండో. ఏదైనా ఓదెలు నా కోసం లేచి నిలబడి కప్పిండు మరిదీ!" అని, పతకం గెలిచినట్టు కొంగు సర్దుకుంది.

ఇక నా ప్రమాణం. మగ్గం సాక్షిగా, చేతిలో విసనకర్ర పట్టుకుని చెబుతున్నాను. ఈ జన్మలో ఏ యంత్రానికీ దుప్పటి గానీ, దర్రీ గానీ, కనీసం చేతిరుమాలు గానీ కప్పను. వదినె చుట్టిపెట్టినది ఏదీ విప్పను. నీళ్ళడిగినవాళ్ళకు నీళ్ళే ఇస్తాను, తలుపు రెండో రెక్క తెరవను. మా పక్కింటాయన మిక్సీ గురించి కూడా వెనక్కి తగ్గాను. చట్నీ మళ్ళీ మిక్సీలోనే అవుతోంది.

కానీ నా అనుమానం పూర్తిగా పిచ్చిదేమీ కాదని స్రవంతి ఒప్పుకుంది. మంచి పిల్ల, తెలియనిది తెలియదనే అంటుంది. ఆ ఆదివారం షెడ్డుకు వచ్చి, దూరం నుంచి చూసే ఏర్పాటును నా కళ్ళ ముందే ఆపేసింది. "అవసరం వడ్డప్పుడు మళ్ళ పెట్టుకుందాం చిన్నబాపూ. నేను సూడగలిగినప్పుడు ఇంకెవలన్న సూడలేరని నేనెట్ల చెప్త?" అంది.

"ఇప్పుడు ఆగినట్టేనా?"

"ఆగిందనే సూపిస్తాంది."

"ఎవరు చూపిస్తున్నరు?"

స్రవంతి తెర వైపు చూసింది. వదినె మగ్గం ఆపి మా వైపు చూసింది. ఏడాదైంది. ఓదెలు మగ్గం మీద ఏముందో ఇంతవరకు బయటికి రాలేదు. కంప్యూటర్ వైరు బోర్డుకే ఉంది, దాని లోపలి కాపలావాడు పడుకున్నాడనే తెర మీద రాసి ఉంది. ఆ రాసింది మాత్రం ఆ కాపలావాడే.